టన్ను బరువు చిత్రిక

గ్రాండ్ ర్యాపిడ్స్, మిషిగన్

తిరువూరులో ఉన్న నాన్నకు,

ఇక్కడ నీ కోడలు, పాప, నా పది వేళ్ళూ క్షేమం. వేళ్ళ సంగతి విడిగా ఎందుకు రాశానో చదివితే నీకే తెలుస్తుంది. రోజూ వీడియోలో మొహాలు చూసుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరమేమిటంటావా? అది చివర్లో చెప్తాను.

రంపప్పొట్టు ఒంటికి అంటకూడదని నన్ను నీ వడ్రంగి షెడ్డు గడప తొక్కనివ్వకుండా చదివించావు. ఆ చదువుతో సంపాదించిన 900 డాలర్లు పోసి, 1940ల నాటి చిత్రిక మిషను కొన్నాను. అంటే ఇప్పుడు పొట్టు డబ్బిచ్చి మరీ అంటించుకుంటున్నాను. తిట్లు కాసేపు దాచుకో.

ఈ ఊరిని ఒకప్పుడు ఫర్నిచర్ సిటీ అనేవారు. 1890లో ఇక్కడే పుట్టిన ఆలివర్ కంపెనీ వడ్రంగి మిషన్లు చేసేది. హైస్కూళ్ళలో వాటిని పెట్టి పిల్లలకు పని నేర్పేవారు. తర్వాత చాలాచోట్ల ఆ క్లాసులు ఎత్తేశారు. అలా ఎత్తేసిన ఒక స్కూల్లో ఇది వేలానికొచ్చింది. రెండు ఇనప బల్లలు, వాటి మధ్య గిర్రున తిరిగే కత్తులు, 16 అంగుళాల వెడల్పు. నువ్వు చిత్రికను కర్రమీద నడిపిస్తావు. ఇక్కడ చిత్రిక పెద్దమనిషి, కదలదు. కర్రే దాని దగ్గరికి నడిచెళ్ళాలి.

బరువు టన్ను. ట్రక్కు దిగాక ఇనప గొట్టాలు కిందేసి, నెమలి వేణుగోపాలస్వామికి మొక్కుకుని, నలుగురు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లం గరాజ్‌లోకి తోశాం. మర్నాడు నలుగురం సిక్ లీవు. గరాజ్‌లో చోటు లేక కారు మంచులోకి పోయింది. "బరువెక్కువని నా కొండపల్లి ఎడ్లబండి బొమ్మను సూట్‌కేసులోంచి తీయించిన మనిషివి నువ్వేనా?" అంది నీ కోడలు. తెల్లపొణికి బొమ్మ ఎంత తేలికో తెలిసినవాణ్ణి గనక నోరెత్తలేదు.

అసలు భాగోతం కరెంటుది. మిషనుకు త్రీఫేజ్ కావాలి. అమెరికాలో ఇళ్ళకి వచ్చేది సింగిల్ ఫేజే! మన మామిడితోటలో బోరుకున్న దర్జా నా ఇంటికి లేదు. చివరికి సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీఫేజ్ ఇచ్చే పెట్టె ఒకటి కొని బిగించి, నీకు వీడియో కాల్ చేసి స్విచ్ నొక్కాను. నువ్వు కొబ్బరికాయ కొట్టమనలేదు. "ఆపరా! ఆగేటప్పుడు చూడు, కత్తుల వీపు ముందుకొస్తోంది. తిరగబడి తిరుగుతోంది" అన్నావు. ఇంజనీర్లం లాప్‌టాప్ తెరిచేలోపు, "బోరు మోటారు ఎదురు తిరిగితే ఏంచేస్తాం? మెయిన్ ఆపి, మూడు వైర్లలో ఏవో రెండు అటూ ఇటూ మార్చు" అన్నావు. మార్చాం. తిరిగింది. మా నలుగురి డిగ్రీలూ ఆ రెండు వైర్ల మధ్య ఎక్కడో జారిపోయాయి.

తర్వాతి తంటా వెనక బల్ల ఎత్తుది. మందం కొలిచే సన్నటి రేకులు పట్టుకుని మూడు రాత్రులు కూర్చున్నాను. కర్ర చివర ప్రతిసారీ గుంట పడుతోంది. నువ్వేమో, "ప్లగ్గు పీకి, వెనక బల్లమీద చెక్క స్కేలు కత్తుల మీదికి వచ్చేలా పెట్టి, కత్తిని చేత్తో తిప్పు. స్కేలును 3 మిల్లీమీటర్లు ముందుకు లాగిందా, సరి. ఎక్కువ లాగితే బల్లను పైకెత్తు, అసలు తాకకపోతే దించు" అన్నావు. నాది అంగుళం దాకా లాగింది! బల్లను కాస్త ఎత్తాను. గుంట పోయింది.

నిన్న మేపుల్ పలక పెట్టాను. అద్దంలా వచ్చింది. దాంతో పాపకి పీట చేస్తున్నాను. నీ కోడలు కారు సంగతి ఇంకా మర్చిపోలేదు గానీ, తనకీ ఒక పీట కావాలంది.

ఇక ఉత్తరం ఎందుకంటే, వాట్సాప్‌లో మోత వినిపించాను, నునుపు చూపించాను. వాసన పంపడం కుదరలేదు. ఈ కవర్లో చిటికెడు మేపుల్ పొట్టు పెట్టాను. షెడ్డులో కూర్చుని వాసన చూసి, టేకు ముందు ఇదెంతో చెప్పు. అమ్మ ఊడ్చేసేలోపు.

నీ కొడుకు