రైడు రెడీ... బండ్లే కదల్లేదు!

మార్కాపురం నుంచి నల్లమల మీదుగా నాలుగు రోజుల బైక్ రైడట! కుర్రాళ్లు వాట్సాప్ గ్రూపు పెట్టేశారు. టీషర్టులు ప్రింటయ్యాయి, కెమెరా హెల్మెట్‌కెక్కింది, మోకాళ్లకు ప్యాడ్లు వచ్చాయి. బండి సర్వీసింగ్ ఒక్కటే బాకీ.

రూటు దగ్గరే రభస. ఒకడికి గిద్దలూరు నుంచి నంద్యాల ఘాట్ కావాలి. ఇంకొకడికి దోర్నాల మీదుగా శ్రీశైలం. కంభం చెరువు కట్ట మీద డ్రోన్ షాట్ లేకపోతే రానని మూడోవాడి అలక. ‘అడవిలో టెంటు, చలిమంట’ మాత్రం ఏకగ్రీవం! అది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం నాయనా. దోర్నాల దగ్గర రాత్రి 9కి గేటు పడితే మళ్లీ పొద్దున 6కే లేచేది. లోపల టెంటేస్తే విందు మనకో, పులికో!

వీళ్లు ‘ఎక్స్‌పెడిషన్’ అంటున్న ఆ శ్రీశైలం ఘాట్‌నే పంచె కట్టిన పెద్దాయన పాత టీవీఎస్ మీద, ముందు మూట, వెనక ఇంటావిడతో ఎక్కి మల్లన్న దర్శనం చేసుకొస్తాడు. ఆయనకు గ్రూపూ లేదు, అడ్మినూ లేడు.

మరి తేదీ? మే అయితే ఎండ, ఆగస్టు అయితే వాన, సంక్రాంతికి అత్తారిల్లు. పని కాకముందే సంబరమంటే మన వెలిగొండే గుర్తొస్తుంది: ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన, 2024 మార్చిలో జాతికి అంకితం. ఆ రోజుకు సొరంగాలున్నాయి, నీళ్లే లేవు. మనోళ్లూ ఆ దారే పట్టారు. ‘రైడు సూపర్ సక్సెస్’ అని ఫ్లెక్సీ డిజైన్ ఓకే చేశారు. పెట్రోలు డబ్బులు ఎవరు వేయాలన్నదే తేలాలి!