పోచారం మత్తడిని మాట్లాడుతున్నా

నేను రాతి మత్తడిని. కామారెడ్డి జిల్లా నాగిరెడ్డిపేట మండలం పోచారంలో ఆలేరు వాగుకు అడ్డంగా 1922 నుంచి నిలబడి ఉన్నాను. హైదరాబాద్ గండిపేట చెరువు కట్ట నాకంటే రెండేళ్లు పెద్దది. 1908లో మూసీ పట్నాన్ని ముంచితే, ఆ భయంతో దాన్ని కట్టారు. నన్ను కట్టింది ఎల్లారెడ్డి వైపు వరిమళ్ల కోసం. వరదను ఆపమని నాకెవరూ చెప్పలేదు, అయినా వానాకాలం వస్తే ఆ పనీ నా నెత్తినే పడుతుంది.

నాకు గేట్లు లేవు. నిజాంసాగర్‌లో అయితే పైనుంచి వరద వస్తోందనగానే గేట్లెత్తి ముందే చోటు చేసుకుంటారు. నాకా వీలు లేదు. ఎగువన లింగంపేట పెద్దవాగు తెచ్చినన్ని నీళ్లు నింపుకోవాలి, నిండాక నా మీదుగా మంజీరకు దుంకనివ్వాలి. ఒకప్పుడు నా చెరువులో 2.4 టీఎంసీలు పట్టేవి. పూడిక చేరి ఇప్పుడు 1.82 టీఎంసీలే. తగ్గిన ఆ చోటు వరద రోజున దిగువ ఊళ్లకు గుర్తొస్తుంది.

2025 ఆగస్టు 27న గుర్తొచ్చింది. మా జిల్లా అర్గొండలో ఒక్కరోజే 40 సెంటీమీటర్లకు పైగా వాన. మాచారెడ్డి వైపు నీళ్లు పాల్వంచ వాగు పట్టి ఎగువ మానేరుకు పోయాయి. అక్కడ నర్మాల దగ్గర వాగవతల చిక్కుకున్న రైతులను హెలికాప్టర్లతో బయటికి తెచ్చారు. మా వైపు నీళ్లన్నీ నా మీదికొచ్చాయి. నన్ను 70 వేల క్యూసెక్కులు తట్టుకునేలా కట్టారట, ఆ రోజు వచ్చింది లక్షా 80 వేలకు పైనే అన్నారు. కట్ట పక్కన మట్టి కోసుకుపోయి పెద్ద గుంత పడింది. నేను నిలిచాను. నూరేళ్లు దాటిన కట్టడమని అందరూ మెచ్చుకున్నారు, సంతోషమే. మెచ్చుకోలుతో గుంత పూడదు కదా!

మత్తడి దుంకుతోందని పేపర్లో పడితే చాలు, మెదక్ నుంచీ హైదరాబాద్ నుంచీ కార్లు బారులు కడతాయి. జనం వస్తే నాకూ ముచ్చటే. కానీ మీకు నేను అందంగా కనబడే రోజే నాకు ఊపిరాడని రోజు. పాచి పట్టిన రాళ్ల మీద సెల్ఫీకి నిలబడ్డవాడిని పట్టుకోవడానికి నాకు చేతుల్లేవు.

అసలు చూడాల్సింది నా పక్కనున్న అడవిని. ఒకప్పుడు నిజాం వేటాడిన ఆ అడవి 1952లో అభయారణ్యమైంది, దాదాపు 130 చదరపు కిలోమీటర్లు. దాని వేళ్లు వాననీటిని కొంత పట్టి మెల్లగా వదులుతాయి, మట్టిని కదలనివ్వవు. అంటే నాకు చేరే వరదా తగ్గుతుంది, పూడికా తగ్గుతుంది. జింకల కోసం, చలికాలంలో హిమాలయాలు దాటివచ్చే బాతుల కోసం మనుషులు వస్తుంటే అడవికి కాపలా ఉంటుంది, పక్క ఊళ్లవాళ్లకు నాలుగు రూపాయలు దొరుకుతాయి. నా దృష్టిలో పర్యాటకం అంటే ఇదీ. ముంపు భూమిలో రిసార్టు కట్టడం పర్యాటకం కాదు, వాగు దారిని మూసేయడం.

కాబట్టి మత్తడి దుంకేనాడు దూరం నుంచే చూసిపొండి. తీరిగ్గా చూడాలంటే చలికాలంలో రండి, తెచ్చిన సీసాలు వెంట తీసుకుపొండి. మీ దగ్గర వసూలు చేసే రుసుములో కొంత పూడిక తీయడానికీ, నా కట్ట మరమ్మతుకూ ఖర్చు పెట్టమని గట్టిగా అడగండి.