యూరప్‌కి హాజరు

పారిస్‌లో విమానం దిగి, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్, లూసర్న్, వెనిస్, పీసా, ఫ్లారెన్స్ చుట్టేసి రోమ్‌లో తిరుగు విమానం ఎక్కడం. పది పన్నెండు రోజుల ప్యాకేజీ పేరుతో మన దంపతులకు టూర్ కంపెనీలు అమ్మే యూరప్ కాస్త అటూ ఇటూగా ఇదే. రోడ్డు లెక్క చూస్తే సుమారు రెండున్నర వేల కిలోమీటర్లు, అంటే బస్సు సీట్లోనే ముప్పై గంటలు. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు విశ్రాంతి తీసుకుని తీరాలి. మామూలుగా రోజుకి 9 గంటలు మించి నడపకూడదు. అలిసిపోయేది డ్రైవరొక్కడేననీ, వెనక సీట్లో ఉన్న అరవై దాటిన ఆయనా మోకాళ్ల నొప్పుల ఆవిడా కాదనీ ఆ చట్టం నమ్మకం. ఆరింటికి నిద్ర లేపుతారు, ఏడింటికి టిఫిను, ఎనిమిదింటికల్లా సూట్‌కేసులు బస్సులో ఉండాలి. ఊళ్లు చూడటానికి వెళ్లారనుకుంటే ఇది వట్టి పిచ్చితనం. హాజరు వేయించుకోవడానికి వెళ్లారనుకుంటే మాత్రం ఇంతకంటే తెలివైన ఏర్పాటు లేదు. ఫోటో పడిందా, హాజరు పడినట్టే. పడలేదా, ఆ ఊరు వెళ్లనట్టే.

సాక్ష్యానికి లూవ్ర్ మ్యూజియం చాలు. అక్కడ ప్రదర్శనలో ఉన్న కళాఖండాలు సుమారు 35 వేలు. ఒక్కోదానికి అర నిమిషం చొప్పున కేటాయించినా, తిండీ నిద్రా మానేసి పన్నెండు రోజులు తిరగాలి. టూరు కాస్తా అక్కడే అయిపోతుంది. అందుకని చాలా ప్యాకేజీలు బయట గాజు పిరమిడ్ ముందు ఒక ఫోటోతో సరిపెడతాయి. దయతలచి లోపలికి తీసుకెళ్లినా నడక నేరుగా మోనాలిసా గదికే. బొమ్మ ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. దాని ముందు గాజు పలక, ఆ ముందు అడ్డు కమ్మీ, ఆ ముందు పైకెత్తిన ఫోన్లు. సెల్ఫీ ధర్మం ప్రకారం చాలామంది ఆవిడ వైపు వీపు పెట్టే నిలబడతారు. 1911లో ఆ చిత్రం దొంగతనానికి గురైతే, అది వేలాడిన ఖాళీ గోడను చూడటానికి జనం బారులు తీరారు. హాజరు వేయించుకోవడానికి అసలు బొమ్మే అక్కర్లేదని పారిస్ ఆనాడే రుజువు చేసి పెట్టింది.

దంపతుల కోసం ప్రత్యేకంగా అమర్చిన ప్రేమ ఘట్టాలు కూడా ఉన్నాయి. వెనిస్ దారిలో వెరోనా దగ్గర ఆగితే జూలియట్ బాల్కనీ చూపిస్తారు. జూలియట్ నాటకంలో పాత్ర. ఆ బాల్కనీ 20వ శతాబ్దంలో పాత రాతిముక్కలు తెచ్చి ఆ ఇంటికి అతికించింది. పుట్టని పిల్ల ఎన్నడూ నిలబడని బాల్కనీ కింద, ముప్పై ఏళ్ల కాపురంలో నలుగురి ఎదుట చెయ్యి పట్టుకుని ఎరగని జంటను "ఇంకాస్త దగ్గరగా జరగండి" అని తోటి యాత్రికులు సర్దుతారు. పారిస్‌లోని పోన్ దేజార్ వంతెన కమ్మీలకు జంటలు పేర్లు రాసిన తాళాలు బిగించి, తాళంచెవులు సెన్ నదిలో పారేసేవాళ్లు. 2014లో ఆ బరువుకి కమ్మీల్లో కొంత భాగం ఊడిపడింది. మరుసటి ఏడాది నగరపాలకులు సుమారు 45 టన్నుల తాళాలు తీయించేశారు. కలకాలం ఉండాలని వేసిన తాళాలు లారీలెక్కి వెళ్లాయి. స్విట్జర్లాండ్‌లో టిట్లిస్ మంచుకొండ మీద, మూడు వేల మీటర్ల ఎత్తున, షారుఖ్ ఖాన్, కాజోల్ కటౌట్ ఉంటుంది. ఎదురుగా ఆల్ప్స్ పర్వతాలున్నా వరస మాత్రం కటౌట్ దగ్గరే. మనమేం చూడటానికి వస్తామో స్విస్‌వాళ్లకు మనకంటే బాగా తెలుసు.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. పిల్లల ఫీజులకీ పెళ్లిళ్లకీ ఇంటి అప్పుకీ బతుకంతా ధారపోసి, రిటైరయ్యాక వచ్చిన డబ్బులో మొదటిసారి తమ కోసం ఖర్చు పెట్టుకున్నవాళ్లను వెక్కిరించడం ఏపాటి పెద్దమనిషితనం? మళ్లీ వెళ్తారో లేదో, అన్నీ చూసి రానివ్వండి అంటారు. మొదటి మాట నూటికి నూరు పాళ్లూ ఒప్పు. రెండో మాటే అడ్డం తిరుగుతుంది. మళ్లీ వెళ్లలేనివాళ్లకే కదా ఈ పరుగు అసలు పనికిరానిది! షెంజెన్ వీసా రుసుము పెద్దవాళ్లకు 90 యూరోలు. ఒక్క ఊరు చూసినా తొమ్మిది చూసినా అంతే. ఊళ్లు పెరిగేకొద్దీ పెరిగేది బస్సు ఖర్చు, మూటాముల్లె సర్దుకునే పని. కాబట్టి తీరిగ్గా చూడటం డబ్బున్నవాళ్ల విలాసమనే వాదన నిలవదు. భాష రాదు, పప్పన్నం దొరకదు, ఒంటరిగా తిరగాలంటే భయం అంటారా, అవి నిజమైన ఇబ్బందులే. గుంపునీ మేనేజర్‌నీ రాత్రి పూట పప్పన్నాన్నీ ఎవరూ వద్దనడం లేదు. వద్దనేది ఊళ్ల సంఖ్యని. కస్టమర్లే ఎక్కువ దేశాలు అడుగుతున్నారని కంపెనీలు చెప్పేది అబద్ధం కాదు. ప్యాకేజీ ధరను దేశాల సంఖ్యతో భాగించి, దేశానికి ఎంత పడిందో చూసి బేరమాడేది మనమే.

రుజువు యావ మనకొక్కరికే ఉందా అని మరో అభ్యంతరం. లేదు. 18వ శతాబ్దంలో గ్రాండ్ టూర్‌కి బయల్దేరిన ఇంగ్లిషు ప్రభువులు కనలెట్టో గీసిన వెనిస్ దృశ్యాలు కొని తెచ్చి గోడలకు వేలాడదీసుకున్నారు. ఆనాటి సెల్ఫీలు అవే. కాకపోతే వాళ్లు నెలలూ ఏళ్లూ అక్కడ గడిపి, ఆ తర్వాత రుజువు కొన్నారు. అంతదూరం ఎందుకు, మన ఏనుగుల వీరాస్వామయ్య ఉన్నారు. 1830 మేలో చెన్నపట్నం నుంచి పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఒకరకంగా అదీ గ్రూపు టూరే. గంగలో మునిగి వచ్చాను అంటే ఊరు ఒప్పుకునేది. ఆయన మాత్రం దారిపొడుగునా ఊళ్లూ బాటలూ జనం ఆచారాలూ రాసుకుంటూ వెళ్లారు. 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర' అలా పుట్టింది. అంత తీరిక ఈ రోజుల్లో ఎవరికీ లేదు, నిజమే. కానీ పదిహేను నెలలకీ, ఊరికో పూటకీ మధ్య చాలా చోటుంది.

హాజరుగాళ్లతో అతిథేయులూ విసిగిపోయారు. 2024 ఏప్రిల్ 25 నుంచి వెనిస్, రద్దీగా ఉండే కొన్ని రోజుల్లో, పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ల దగ్గర 5 యూరోల ప్రవేశ రుసుము వసూలు మొదలుపెట్టింది. రాత్రి అక్కడే బస చేసేవాళ్లకు ఆ రుసుము లేదు. పాత నగరంలో కాపురం ఉండే జనం 50 వేల లోపుకి పడిపోయిన ఊరు చెబుతున్న మాట అది: ఉంటే ఉండండి, తొంగి చూసి పోతే మాత్రం డబ్బు కట్టండి. కాబట్టి ఈసారి బ్రోషర్ చేతికొస్తే ఎన్ని దేశాలని అడక్కండి, ఏ ఊళ్లో ఎన్ని రాత్రులో అడగండి. రెండు ఊళ్లు, ఊరికి ఐదు రాత్రులు చాలు. పక్కింటివాళ్లు "రెండేనా?" అని జాలిపడతారు, పడనివ్వండి. వాళ్లు చూసొచ్చిన తొమ్మిదింటిలో ఏ ఫోటో ఏ ఊరిదో మాత్రం ఒకసారి అడిగి చూడండి.