ద్వీపయాత్రా సూత్రానికి టీక

అవతారిక. కలకత్తా బెహాలాలో ముప్పై ఏళ్ళుగా కాపురముంటున్న మా బావగారు పోయిన మాఘమాసంలో పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి ఆరో రోజుకల్లా కలకత్తాలో ఉన్నారు. వెళ్ళేటప్పుడు గుమాస్తాగిరీ చేసి రిటైరైన మామూలు మనిషి. వచ్చేటప్పటికి సూత్రకారుడు. ఉగాదినాడు ఇక్కడి తెలుగువాళ్ళం పదిమంది చేరితే, పచ్చడి చేతిలో పడకముందే తలా ఒక జిరాక్సు కాగితం పడింది. "చదువుకో, డబ్బు విలువ తెలుస్తుంది" అన్నారు నాతో. నేను చదువుకున్నాను. చదువుకున్నవాడు ఊరుకోడు కదా.

మూలం. "ఖిదిర్‌పూర్ రేవున ఓడ నెక్కుము, బంకు క్లాసున పోవుము, ఆఫ్ సీజను నెన్నుకొనుము, స్థానికులు తినుచోట తినుము, ఎల్లెడల బేరమాడుము."

టీక. మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మాటిచ్చి మరీ వ్యాఖ్యానాలు మొదలుపెట్టాడు. మా బావగారి మూలంలో ఉన్నదాన్నే పట్టుకుంటే కాగితం నిండదు కనక ఆ మాట నేనివ్వలేను.

ఎక్కుము, పోవుము, తినుము: సులభం. ఈ ‘ము’ ఆజ్ఞా, ప్రార్థనా, ఆశీస్సా అని వ్యాకర్త అడగవచ్చు. మా బావగారి గొంతు విన్నవాడు అడగడు.

ఖిదిర్‌పూర్: ఈ డాకు 1892లో తెరిచారు. హుగ్లీ ఒడ్డున గేట్ల వెనక నీళ్ళు కట్టి ఉంచిన రేవు. పోటు చూసుకుని గేటు తీస్తేగాని ఓడ నదిలోకి రాదు, వచ్చాక పైలట్ చెప్పినట్టు ఇసుకమేటలు తప్పించుకుంటూ పోవాలి. నీలిసముద్రం చూడ్డానికి బయల్దేరినవాడికి మొదట్లో చాలాసేపు కనిపించేది బురదరంగు నీళ్ళూ, ఇటుకబట్టీల గొట్టాలూ. పోర్ట్ బ్లెయిర్ ఇక్కడికి దాదాపు 1,255 కిలోమీటర్లు. ఓడలో మూడు నుంచి నాలుగు రోజులు. ఈ అంకె పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందు పని ఉంది.

ఈ దారిన చవగ్గా వెళ్ళడం మా బావగారు కనిపెట్టింది కాదు. 1858 మార్చి 4న కలకత్తా నుంచి ‘సెమిరామిస్’ అనే ఆవిరి ఓడలో 200 మంది ఖైదీలు బయల్దేరి 10వ తేదీన అక్కడ దిగారు. ఛార్జీ లేదు. భోజనం, వసతి సర్కారువి. పోను మాత్రమే, రాను లేదు. చిన్నయసూరి బాలవ్యాకరణం వెలువడిందీ ఆ యేడే. మద్రాసులో భాషకు కట్టుబాట్లు, కలకత్తాలో కాళ్ళకు కట్లు. ఇందులో శ్లేష ఉందని చూపించడానికే ఈ వాక్యం రాశాను, బావగారికి దీనితో సంబంధం లేదు.

బంకు: తెలుగులో పాన్ బంకు, పెట్రోలు బంకు, క్లాసులు బంకు కొట్టడం అని మూడర్థాలు ప్రసిద్ధం. ఇక్కడ మూడూ కుదరవు. ఓడ అడుగు అంతస్తులో పెద్ద హాలు, వరసలుగా పై పడకా కింది పడకా. అక్కడ పడుకునేవాళ్ళెవరంటే, కలకత్తా ఆస్పత్రుల్లో తల్లికి వైద్యం చేయించి తీసుకెళ్తున్న దీవివాళ్ళు, తాపీపనికి పోతున్న కుర్రాళ్ళు, పిల్లల్ని సెలవలకి తెచ్చి తిప్పి తీసుకెళ్తున్న కుటుంబాలు. వాళ్ళకి ఆ పడక అనుభవం కోసం కాదు, జేబులో ఉన్నది అంతే. కేబిన్ కొనగలిగినవాడు బంకులో పడుకుని వచ్చి అదొక తెలివని చెప్పుకుంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. టీకాకారుడికి కోపం రాకూడదంటారు. సరే, తర్వాతి పదం.

ఆఫ్ సీజను: ఈ పదం కోసమే నేను ఇంత దూరం వచ్చాను. లోకంలో ఆఫ్ సీజను ప్రయాణాన్ని మొదట సిఫారసు చేసినవాడు కాళిదాసు మేఘసందేశంలోని యక్షుడు. రామగిరి నుంచి అలకాపురికి కబురు పంపాలి, చేతిలో చిల్లిగవ్వ లేదు. మేఘాన్ని పట్టుకున్నాడు. టికెట్టు లేదు, సామాను లేదు, తాగే నీళ్ళు ఎవరివి వాళ్ళే తెచ్చుకుంటారు. పైగా దారి వంకరైనా సరే ఉజ్జయిని చూసి వెళ్ళమని సలహా. ఏ ఆఫ్ సీజన్లో? ఆషాఢంలో. ఆషాఢంలో ఏ రోజు? అక్కడ మొదలైంది గొడవ. ‘ప్రథమ’దివసమని ఒక పాఠం, మొదటి రోజు. ‘ప్రశమ’దివసమని కాశ్మీరపు వల్లభదేవుడి పాఠం, ఆఖరి రోజు. తేడా ఒక్క అక్షరం, దూరం ఒక నెల. మెదక్ దగ్గర కొల్చారం వాడైన మన మల్లినాథుడు ‘ప్రథమ’ పక్షం పట్టాడు. కార్తిక శుద్ధ ఏకాదశికి విష్ణువు నిద్రలేస్తాడు, శాపం తీరుతుంది, అప్పటికింకా నాలుగు నెలలుందని యక్షుడే చెప్పాడు. మొదటి రోజు నుంచి లెక్కేస్తే పది రోజులు ఎక్కువొస్తాయి. ఆఖరి రోజు నుంచి వేస్తే ఇరవై తక్కువొస్తాయి. పది పెద్దదా ఇరవై పెద్దదా? కావ్యం చదువుతూ వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టిన ఆ తెలుగు మనిషంటే నాకు చెప్పలేనంత ఇష్టం. విరహం ఎంత గొప్పదైనా తేదీ కలవాలంటాడు.

ఆయన చూపిన బాటలో నేనూ వేళ్ళు మడిచాను. ఓడలో పోను నాలుగు, రాను నాలుగు, ఎంత తొందర చేసినా పోనురాను ఆరు. ఆరో రోజుకి ఇల్లు చేరిన మనిషి పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నదెప్పుడు? కనక మా బావగారు ఓడ ఎక్కలేదు. విమానంలో వెళ్ళారు. టికెట్టు బెంగళూరులో ఉన్న కొడుకు కొన్నాడని మా అక్కయ్య దగ్గర రూఢి చేసుకున్నాను. ఇంకోటి. మాఘమంటే అక్కడ వాన లేని రోజులు, యాత్రికులు ఎగబడే రోజులు. అండమాన్‌కి నైరుతి వానా ఉంది, ఈశాన్యం వానా ఉంది. ఆయన రెండూ తప్పించుకుని వెళ్ళి, మనల్ని మాత్రం రెంటిలోకీ పొమ్మన్నారు. సముద్రం పొంగితే హావ్‌లాక్ దీవికి పోయే పడవలు ఆగిపోతాయి, జెట్టీ దగ్గర కూర్చుని గది అద్దె కట్టుకోవడమే. ఆ అద్దె సూత్రంలో లేదు.

స్థానికులు: ఈ పదానికి అర్థం దొరకలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో ఎక్కువమంది మాతృభాష బెంగాలీ. దేశవిభజన తర్వాత తూర్పు బెంగాల్ శరణార్థుల్ని తీసుకెళ్ళి అక్కడ నిలబెట్టారు. తర్వాత హిందీ, తమిళం, ఆ తర్వాత మనమే, నూటికి సుమారు పదముగ్గురం. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వలసపోయినవాళ్ళు చాలామంది. కాబట్టి కలకత్తా తెలుగువాడు ‘స్థానికులు తినుచోట’ తిన్నాడంటే, బెహాలాలో దొరికే చేపలపులుసో, విజయనగరంలో దొరికే ఇడ్లీయో వెయ్యి కిలోమీటర్ల పైన పోయి తిన్నాడని అన్వయం. అబర్డీన్ బజార్లో ఇడ్లీ బాగుందని బావగారే ఒప్పుకున్నారు. ఇక నిజంగా స్థానికులంటారా? వేల ఏళ్ళ నుంచి ఉన్న గ్రేట్ అండమానీలు ఇప్పుడు వందకు లోపు. వాళ్ళు తినేచోట ఎవరూ తినలేదు. వాళ్ళు తినే చోటుని మాత్రం మనవాళ్ళు తినేశారు.

ఎల్లెడల బేరమాడుము: ‘ఎల్లెడల’ అన్నదానికి అతివ్యాప్తి దోషముంది. విమానం కంపెనీతో బేరమాడరు. గాజుతలుపుల హోటల్లో బేరమాడరు. కొబ్బరిబోండాం అమ్మే ఆమెతో ఆడతారు, ఆటోవాడితో ఆడతారు, తువ్వాలు పరిచి గవ్వలు అమ్మే కుర్రాడితో ఆడతారు. కనక ‘ఎల్లెడల’ అంటే ‘మనకంటే లేనివాళ్ళున్న ఎడల’ అని సంకోచం చెప్పుకోవాలి. బోండాం దగ్గర ఇరవై రూపాయలు తగ్గించానని ఉగాదినాడు మూడుసార్లు చెప్పారాయన. దీవిలో బియ్యం గింజ నుంచి సిమెంటు బస్తా దాకా చాలావరకు ఓడలో రావాల్సిందే. అక్కడ ఇరవై రూపాయలకి ఇక్కడున్నంత బలం కూడా ఉండదు. ఆవిడ ఎందుకు తగ్గించిందో నాకు తెలియదు. బహుశా పొద్దుపోయి ఉంటుంది. అంత తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే కాబట్టి, చలికాలంలో సాయంత్రం ఐదు దాటితే చాలు సూర్యుడు ఉండడు, గిరాకీ ఉండదు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో ‘శ్రీవిజయపురం’ అని ఉంది. 2024 సెప్టెంబరు నుంచి పోర్ట్ బ్లెయిర్ పేరు అదే. బావగారు తన ప్రతి దిద్దలేదు, జిరాక్సుకి మళ్ళీ డబ్బులవుతాయని.

తాత్పర్యం: కొడుకు సొమ్ముతో విమానమెక్కి, మంచి రోజుల్లో వెళ్ళి, ఇడ్లీ తిని, బోండాం దగ్గర ఇరవై మిగుల్చుకుని రావలెనని భావం.

రెండవ సూత్రం. "హోటలు గదిలోని సబ్బులు వెంట తెచ్చుకొనుము." సులభం. దీనికి టీక రాయను. వాటిలో రెండు మా స్నానాలగదిలో ఉన్నాయి.