ఎండుద్రాక్ష కూడా పండే కదా!

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఒక లెక్క చెప్పింది. మనిషన్నవాడు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, మరో 100 గ్రాముల పండ్లు తినాలట. వెరసి అర కిలో. తిరుపతిలో ఒక సగటు గుమాస్తా ఈ వార్తను పొద్దున పేపర్లో చదివి, సాయంత్రం అదే పేపరు ముక్కలో నాలుగు మిరపకాయ బజ్జీలు పెట్టించుకున్నాడు. తప్పు పట్టడానికి లేదు. మిరపకాయ కూరగాయే. మధ్యలో ఉల్లిపాయ ముక్కలు, పైన నిమ్మరసం. ఇంకో నాలుగు లాగిస్తే కోటా పూర్తి.

తిరుపతి వాళ్లకు ఇంకో వెసులుబాటు కూడా ఉంది. సుమారు 175 గ్రాములు తూగే శ్రీవారి లడ్డూలో శనగపిండి, చక్కెర, నెయ్యితో పాటు ఎండుద్రాక్ష పడుతుంది. 2009లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న ఆ లడ్డూని పండ్ల పద్దులో రాసుకునే ఇళ్లు ఈ ఊళ్లో లేకపోలేదు. ‘ఏం సామీ, కిస్‌మిస్ పండు కాదా?’ అంటే డాక్టరు మాత్రం ఏమంటాడు? తనవంతు ముక్క తీసుకుని కళ్లకద్దుకుంటాడు.

కొండ మీది సంగతి వేరు. 1985లో మొదలైన అన్నదానానికి కూరగాయలు దాతల నుంచి లారీల్లో వస్తాయి. ఇంట్లో సొరకాయ పేరెత్తితేనే మొహం తిప్పేసే పిల్లాడు అక్కడ వడ్డించిన కూరను మారుమాట్లాడకుండా తింటాడు. ప్రసాదం మరి! పోషకాహార సంస్థకు తట్టని కిటుకు ఇది. అయితే 2025 మార్చిలో అన్నప్రసాదం మెనూ పేపర్లకెక్కింది మాత్రం కూర వల్ల కాదు, కొత్తగా చేరిన మసాలా వడ వల్ల.

అసలు ఉమ్మడి చిత్తూరు జిల్లాకు పండ్లు తినమని చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. బంగారుపాళ్యం, దామలచెరువు వైపు ఎటు తిరిగినా మామిడి తోపులే. అందులో సింహభాగం తోతాపురి, రైతుల నోట ‘బెంగళూరా’. ఇది జనం నోటికంటే గుజ్జు ఫ్యాక్టరీ నోటికే ఎక్కువ రుచించే కాయ. 2025లో పంట విరగ్గాసింది. ఫ్యాక్టరీల్లో పాత గుజ్జే ఇంకా కదల్లేదు, కొత్త కాయ ఎవడిక్కావాలి? కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 రైతు చేతికి రావాలని నిర్ణయించారు. ఆ ఎనిమిదీ ఇవ్వడానికి ఫ్యాక్టరీలకు చేతులు రాలేదు. గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి వరస కట్టాయి. పైకాయ మగ్గింది, అడుగుకాయ చితికింది, ట్రాలీ సందుల్లోంచి రసం కారి తారురోడ్డు మీద చారలు కట్టింది. ఆ జూన్‌లో జిల్లాలో ఈగలకు మాత్రం పోషకాహార లోపం లేదు.

పక్క రాష్ట్రం తోతాపురి లోపలికి రాకుండా సరిహద్దులో చెక్‌పోస్టులూ పెట్టారు. ఎర్రచందనం బయటికి పోకుండా కాపలా కాసే చోట, మామిడికాయ లోపలికి రాకుండా కాపలా!

ఎనిమిది రూపాయల లెక్కన, పోషకాహార సంస్థ చెప్పిన 100 గ్రాముల పండు ధర ఎనభై పైసలు. ఆ ధరకు తినేవాడు దొరకని పండు గుజ్జయి, నీళ్లూ చక్కెరా కలుపుకుని, సీసాలో మళ్లీ ఇదే జిల్లాకు దిగుతుంది. పండ్ల పానీయం అనిపించుకోవడానికి నిబంధనల ప్రకారం నూటికి పది పాళ్లు రసం ఉంటే చాలు. వంద మిల్లీలీటర్ల మామిడి కోసం లీటరు సీసా ఎత్తాలి. బెంగళూరా చెట్టు కింద కూర్చుని కూడా జనం అదే ఎత్తుతున్నారు.

కూరగాయల కథ మదనపల్లెది. 2022 దాకా చిత్తూరు జిల్లాలోదే ఆ ఊరు. 2023 జూలై చివర్లో అక్కడి మార్కెట్లోనే టమోటా కిలో 190 దాటింది. 400 గ్రాముల కోటాను టమోటాతోనే నింపుదామనుకుంటే తలకు 76 రూపాయలు, నలుగురికి 304. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజు కూలి 272. గుంత తవ్వి వచ్చినవాడు టమోటాకు ఇంకో 32 రూపాయలు అప్పు చేయాలి. సెప్టెంబరుకల్లా ఆ ధరా కుప్పకూలింది, ఈసారి ఏడుపు రైతుది. తినేవాడూ పండించేవాడూ ఒకేసారి నవ్విన నెల ఆ మార్కెట్ చూసిందో లేదో.

ఏ సంస్థా చెప్పకముందే రాగిసంకటిలోకి గట్టు మీది చెంచలాకు, గురుగాకు గిల్లుకొచ్చి ఎనిపిన అవ్వలున్న సీమ ఇది. మనవడికిప్పుడు ఆ ఆకు కలుపుమొక్క.

సరే, తోతాపురి జూన్, జూలైల్లో ముమ్మరంగా దిగుతుంది. దామలచెరువు వైపు వెళ్లినవాళ్లు నాలుగు కిలోలు కొనండి, రైతు దగ్గర బేరమాడకండి. సంచీ మీరే తెచ్చుకోండి.