ముక్కున్న ప్రతివాడూ డాక్టరే

మా బాయి కంపు కొడుతోందన్న సంగతి వనపర్తిలో మాకు తప్ప అందరికీ తెలుసు. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకున్న దుర్గుణమే అది. గాలిలో వంద కోట్ల పాళ్లకు నాలుగైదు పాళ్లున్నా కొత్తవాడి ముక్కు పట్టేస్తుంది. రోజూ పీల్చేవాడి ముక్కు మాత్రం మొద్దుబారి ఊరుకుంటుంది. అందుకే మేం పెరట్లో కూర్చుని హాయిగా టిఫిన్లు తింటున్నాం, చుట్టాలు చాయ్ కూడా తాగకుండా పోతున్నారు.

పోయేవాళ్లు ఊరికే పోతారా! గద్వాల బావగారు పటిక వేయమన్నాడు. మేడమీద కిరాయికుండే ఆయన తాబేలును వదలమన్నాడు. నాగర్‌కర్నూల్ పెద్దమ్మ "దిష్టి తగిలింది బిడ్డా" అని నిమ్మకాయలు వేయించింది. ఇప్పుడు అవి కూడా కుళ్లుతున్నాయి. ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో ఇలాంటి నీళ్లకు తుంగముస్తలు, వట్టివేళ్లు, ఉసిరి, చిల్లగింజ కలిపి మందు రాశాడు. ఆయనొక్కడే నయం, ఫీజు అడగలేదు.

చదువుకున్నవాళ్లంతా అడిగేది ఒకటే: "కుళ్లిన కోడిగుడ్డు వాసనా?" ఏ పుస్తకం తిరగేసినా అదే పోలిక. మా ఇంట్లో తాతల నాటి నుంచి గుడ్డే రాలేదు, ఇక కుళ్లిన గుడ్డు ఎక్కడిది? పోల్చి చూసుకోకుండా రోగం ఎలా తేలుతుంది? కిరాణా కొట్టుకు పోయి అడిగాను. "మా షాపుల కుళ్లినవి దొరకవు సార్" అని మొహం మాడ్చుకున్నాడు. వాసన చూడటానికేనని నచ్చజెబితే గొంతు తగ్గించి, "ఏ పార్టీ మీటింగు సార్?" అన్నాడు. చేసేది లేక మంచి గుడ్డే కొన్నాను. దాన్ని గడప దాటనివ్వనంది మా ఆవిడ. ప్రహరీ గోడ మీద, ఎండ తగిలేచోట పెట్టి, పొద్దునా సాయంత్రం పోయి మూచూడటం మొదలుపెట్టాను. పక్కింటివాళ్లు తమ పిల్లల్ని లోపలికి పిలుచుకోవడం కూడా అప్పుడే మొదలైంది. అది కుళ్లదే! ఇవాళో రేపో అనుకుంటుండగా కోతి ఎత్తుకుపోయింది.

చివరికి గుట్టు చెప్పింది వెండి గ్లాసు. బాయి నీళ్లు పోసి ఉంచితే నల్లబడింది. వేడినీళ్లే కంపు కొడితే గీజర్‌లోని మెగ్నీషియం కడ్డీని అనుమానించాలట. మావి చన్నీళ్లూ అంతే. సీసాలో పట్టి పరీక్షకు తీసుకుపోతే దారిలోనే వాయువు ఎగిరిపోయి, అక్కడ నన్ను అబద్ధాలకోరును చేసింది.

మిషన్ భగీరథ నల్లా వచ్చాక బాయిని తోడేవాళ్లు లేరు. నల్లా రాని రోజున మోటారు వేస్తాం, అంతే. పైన రేకు, అడుగున ఏళ్లనాటి వేపాకు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు నీళ్లలోని సల్ఫేట్లను వాడుకుని ఈ వాయువును వదులుతాయి. కరువు రోజుల్లో అడుగు కనబడ్డ బాయి ఇది. కల్వకుర్తి ఎత్తిపోతలతో చెరువులు నిండి నీళ్లు పైకొస్తే, వాటికిప్పుడు చుట్టాలు ముక్కు మూసుకుంటున్నారు.

పూడిక తీసే మనిషి వచ్చాడు. తాడుకు దీపం కట్టి దించాడు. దీపం ఆరలేదు, ఇక దిగుతానన్నాడు. దీపం ప్రాణవాయువు సంగతే చెబుతుంది, ఈ విషం సంగతి చెప్పదు. పైగా ఇది దట్టంగా ఉన్నచోట ముందు ముక్కే చచ్చిపోతుంది. వాసన పోయిందనుకుంటాడు మనిషి. ఏటా ఎండాకాలం పేపర్లో చూస్తూనే ఉంటాం, దిగినవాడూ, వాణ్ని తీయబోయి దిగినవాడూ. ఆగమంటే నవ్వాడు. "మా అయ్య నాగార్జునసాగర్ల మట్టి మోసిండు సారూ, మీ బాయొక లెక్కనా?" దేశమంతా ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు లేబర్ కొడుకు, ఎప్పుడో తప్ప వాడని బాయి కోసం, మా చుట్టాల ముక్కుల కోసం దిగాలా?

నీళ్లన్నీ తోడి, బ్లోయర్‌తో గాలి కొట్టి, నడుముకు తాడు కట్టి, పైన ఇద్దర్ని నిలబెట్టాకే దింపాం. బుట్టలకొద్దీ నల్లటి బురద వచ్చింది. బ్లీచింగ్ పౌడర్ మామూలుగా వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు చాలు, ఇలాంటి రోగానికి ఎన్నో రెట్లు పట్టింది. రాత్రంతా ఉంచి, ఆ నీళ్లు పారబోశాం.

రోజూ నాలుగు బొక్కెనలు తోడమన్నాడు ఆ మనిషి. బజారుకెళితే కొబ్బరి చాంతాడు లేదు, చేతులు కోసే నైలాన్ తాడే ఉంది. గిలక మాత్రం ఒకచోట కనబడింది. అమ్మరట. పెళ్లి డెకరేషన్లకు కిరాయికిస్తారట.