ఉడుతకు ముందు వరుసలో కుర్చీ వేయండి

కరెంటు ప్రమాదాల మీద కూలీలకు, కార్మికులకు శిక్షణ ఇస్తామని ఎవరైనా సత్యసాయి జిల్లాకు బయలుదేరితే నాదొక మనవి. ముందు వరుసలో కుర్చీ ఉడుతకు వేయండి. మా దగ్గర కరెంటు విషయంలో తప్పు చేసినట్టు పెద్దలు బహిరంగంగా పేరు పెట్టి చెప్పింది దాన్నే.

మరిచిపోయినవాళ్ల కోసం చెబుతాను. 2022 జూన్ 30 పొద్దున్నే ధర్మవరం నియోజకవర్గంలోని తాడిమర్రి మండలం, చిల్లకొండయ్యపల్లి దగ్గర కూలి పనికి ఆడవాళ్లను తీసుకుపోతున్న ఆటో మీద హైటెన్షన్ తీగ తెగిపడింది. ఆటో తగలబడింది. ఐదుగురు ఆడవాళ్లు కాలిపోయారు. ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 10 లక్షల రూపాయలు ప్రకటించింది. విద్యుత్ పంపిణీ సంస్థ అదే రోజు కారణం ప్రకటించింది. స్తంభం మీదికి ఉడుత ఎక్కిందట, షార్ట్ సర్క్యూట్ అయిందట, తీగ తెగిందట. ప్రమాదాల మీద ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు చేత విచారణ జరిపించడానికి 2003 విద్యుత్ చట్టంలో 161వ సెక్షన్ ఉంది. ఇన్‌స్పెక్టరు చెప్పులేసుకునే లోపే తీర్పు వచ్చేసింది.

లంకకు వారధి కట్టేటప్పుడు రాముడంతటివాడు వీపు నిమిరి పంపిన వంశం అది. త్రేతాయుగం నుంచి నిలబెట్టుకున్న పరువు తాడిమర్రిలో ఒక్క పూటలో పోయింది.

నేను ఉడుత తరఫు వకీలును కాను. తీగకూ స్తంభం మీది ఇనుప క్రాస్ ఆర్మ్‌కూ మధ్య ఏ ప్రాణి అడ్డం పడినా నిప్పు లేస్తుంది, ఆ నిప్పుకు అల్యూమినియం తీగ కరగనూవచ్చు. ఇంతవరకు ఒప్పుకుంటాను. తర్వాతే నాకు అర్థం కాదు. తీగ కరిగేంత కరెంటు పారితే సబ్‌స్టేషన్‌లో రిలే అనే పరికరం దాన్ని పసిగట్టి, బ్రేకర్‌ను కొట్టేయాలి. రెప్పపాటులో లైను చచ్చిపోవాలి. తెగి కిందపడేది ఉత్త అల్యూమినియం తీగే కావాలి. ఎండిపోయిన నేల మీద పడిన తీగలో పారే కరెంటు తక్కువ కాబట్టి రిలేకు అంతు చిక్కకపోవచ్చని ఇంజనీర్లు అంటారు, అది నిజమే. కానీ పైన ఉడుతను కాల్చి, తీగను కరిగించిన కరెంటు తక్కువదా? ఈ ప్రశ్నకు ఉడుత జవాబు చెప్పలేదు. చెప్పగలిగినవాళ్లకు ఉడుత దొరికింది.

అదే ఏడాది నవంబరు 2న, పక్కనే అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరులో ట్రాక్టరు మీద తీగ తెగిపడి ఇంకో నలుగురు కూలి ఆడవాళ్లు పోయారు. ఈసారి ఉడుత మీద నేరం మోపినట్టు నేను వినలేదు. సెలవులో ఉన్నట్టుంది.

ఇక శిక్షణ. ఇప్పుడు ఏటా జూన్ 26 నుంచి వారం రోజులు విద్యుత్ భద్రతా వారోత్సవాలు చేస్తున్నారు. క్యాలెండర్ చూసుకోండి, జూన్ 30 కూడా ఆ వారంలోకే వస్తుంది. ఫ్లెక్సీ కడతారు, ర్యాలీ తీస్తారు, కరపత్రం పంచుతారు. తడి చేతులతో స్విచ్ ముట్టుకోవద్దు, తీగల కింద నిలబడవద్దు, స్తంభానికి పశువులను కట్టవద్దు. అన్నీ మంచి మాటలే, అన్నీ కిందున్నవాళ్లకే. ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని కలుపు తీయడానికి పోయే అక్క ఏం చేయాలి? 11 కేవీ తీగ రోడ్డుకు అడ్డంగా దాటేచోట నేలకు కనీసం 6.1 మీటర్ల ఎత్తులో ఉండాలని కేంద్ర నిబంధన. అక్కకు ఒక టేపు ఇస్తే కొలుస్తుంది. కొలిచిన లెక్క ఏ కౌంటర్లో ఇవ్వాలో కూడా శిక్షణలో చెబితే సరి.

పనికొచ్చే పాఠం లేక కాదు. తీగ బండి మీద పడితే, మంట లేనంతవరకు లోపలే కదలకుండా కూర్చోవాలి. మంట లేస్తే బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లూ జోడించి దూకాలి. ఆ తర్వాత అడుగు తీసి అడుగు వేయకుండా, కాళ్లు కలిపే పది మీటర్ల దాకా గెంతుతూ పోవాలి. తీగ పడినచోట నేలలో కూడా కరెంటు పరుచుకుని ఉంటుంది, రెండు కాళ్ల మధ్య ఎడం పెరిగే కొద్దీ ఒంట్లోకి ఎక్కుతుంది. పది నిమిషాల్లో చేసి చూపించొచ్చు. ఏ రచ్చకట్ట మీదైనా చేసి చూపించగా మీరు చూశారా?

ఇక కార్మికుల సంగతి. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కార్లు తయారవుతున్నాయి. అంతటి కర్మాగారాల పద్ధతి ఏమంటే, యంత్రంలో చెయ్యి పెట్టే మనిషి ముందు మెయిన్‌కు తన తాళం వేసుకుంటాడు, తాళంచెవి తన జేబులోనే ఉంటుంది. వాడు బయటికి వచ్చేదాకా మేనేజరొచ్చినా స్విచ్ వేయలేడు. అక్కడి నుంచి కొంచెం దూరం వచ్చి మన స్తంభం కింద నిలబడి వినండి.

“ఎల్‌సీ తీసుకుంటివాన్నా?”

“ఫోన్లో చెప్పినా లేప్పా. ఎక్కు.”

ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. లైను ఆపించి, ఎర్త్ రాడ్లు తగిలించి, కాగితం మీద రాయించుకున్నాకే స్తంభం ఎక్కాలని పుస్తకం. ఫోన్లో “ఊఁ” అన్నవాడు ఏ ఫీడరు లైనుకు ఊఁ అన్నాడో వాడికి తెలియాలి, దేవుడికి తెలియాలి. ఒకవేళ సరైన లైనే ఆపినా, ఏ షెడ్డులోనో జనరేటరు వేస్తే కరెంటు వెనక్కి నడిచొస్తుంది. ఎర్త్ రాడ్డు ఉన్నది అందుకే. అది చాలాచోట్ల మోటరు సైకిలు మీద పట్టదు కాబట్టి ఆఫీసులోనే భద్రంగా ఉంటుంది. అదీ భద్రతే కదా.

లైన్‌మన్ రాకపోతే రైతే ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి ఫ్యూజు తీగ చుడతాడు. బోరు మోటరు స్టార్టర్ డబ్బాకు మూత పోయి ఏళ్లవుతుంది. తూముకుంట పరిశ్రమల షెడ్లలో నిన్న చేరిన కాంట్రాక్టు కుర్రాడికి ఇచ్చే శిక్షణ ఒకే వాక్యం: “చూసి ముట్టుకో.” ధర్మవరంలో నేతగాడు కాళ్లు మగ్గం గుంతలో పెట్టి కూర్చుంటాడు, వానలకు గుంతలో నీళ్లూరతాయి, తల మీద జకార్డుకు మోటరు తగిలించి ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు పక్కదారి పట్టగానే కొట్టేసే ఆర్‌సీసీబీ ఒకటి బోర్డులో బిగిస్తే మనిషి బతుకుతాడు. పట్టుచీరకు పెట్టే జరీ ఖర్చు ముందు అదెంత? కానీ దాన్ని అప్పు మీద ఇచ్చే మాస్టర్ వీవర్ ఇంకా పుట్టలేదు.

రేపు మీ పల్లెకు శిక్షణ ఇవ్వడానికి వస్తారు. బిస్కట్లిస్తారు, ఫోటో తీస్తారు. తీసుకోండి, దిగండి. ఆ తర్వాత ఒక్కటే అడగండి: మా ఫీడరు రిలేను చివరిసారి ఏ తేదీన పరీక్షించారు? ఆ తేదీని సబ్‌స్టేషన్ గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి. తీగ జారి కనబడితే 1912కు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు తప్పకుండా రాసిపెట్టుకోండి. ఉడుత పేరు మళ్లీ వినబడిన రోజు ఆ నంబరు చూపించండి.